లంకమల దోవ: గుడ్డబొమ్మలతో పిల్లల బొమ్మల పుస్తకం, చిత్తుప్రతి మీద మీ మాట కావాల

ప్రొద్దుటూరు_సూదిదారం

అందరికీ నమస్తే. మా అత్త, నేను కలిసి పాత చీరలు, కంబళి ముక్కలతో మూడు బొమ్మలు కుట్టినాం. వాటితో నాలుగేండ్ల నుంచి ఏడేండ్ల పిల్లలకు ఒక బొమ్మల పుస్తకం చేస్తున్నా. పేరు ప్రస్తుతానికి 'లంకమల దోవ'. గీసిన బొమ్మలు కావు. కుట్టిన బొమ్మల్నే నిజమైన జాగాల్లో పెట్టి ఫొటోలు తీసి, కింద కథ రాస్తా. చిత్తు పేజీలు, ఫొటోలు దీంతోపాటే పెట్టినా.

కథ ఇది. గండికోట కాడ ఒక ఇంటి అటక మీద మూడు బొమ్మలుంటాయి. కలివి అనే కలివికోడి (మన పక్క అడివిలో ఉండే అరుదైన పిట్ట), భల్లు అనే ఎలుగుబంటి, ఉన్ని అనే గొర్రెపిల్ల. తనలాంటి పిట్టలు లంకమల అడివిలో నిజంగా ఉన్నాయని పెద్దోళ్ళ మాటల్లో కలివి వింటుంది. చూసి రావాలని ముగ్గురూ రాత్రికి రాత్రి బయల్దేరతారు. పెన్న ఎంబడి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, చెన్నూరు దాటి సిద్ధవటం పోతారు, ఆడినుంచి అడివి. దోవలో పెన్నలో పడవ మునుగుతుంది. సిద్ధవటం కోటలో రాక్షసి పట్టుకుంటుంది. ఒక ముని వచ్చి విడిపిస్తాడు. చివర్లో కలివికోళ్ళ గుంపు వీళ్ళకు పండగ చేస్తుంది.

చూసినోళ్ళంతా బొమ్మలు ముద్దుగా ఉన్నాయి గానీ కథ చప్పగా ఉందంటున్నారు. సాహసం చాల్లేదంట. ఇంకో రాక్షసిని పెట్టాల్నా, మొసలిని పెట్టాల్నా? మొగమాటం లేకుండా చెప్పండి.

పెన్నగట్టు

అక్కా, మాది సిద్ధవటం పక్కన. పెన్నలో పడవ మునగాలంటే ముందు నీళ్ళుండాల గదా! మైలవరం డ్యాం కింద ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. మా ఊరి పిల్లోనికి ఈ పేజీ చూపిస్తే 'ఏట్లో పడవ యాడిది?' అని అడుగుతాడు, ఆ తర్వాత కథలో మీరేం చెప్పినా నమ్మడు. ఇసకలో నడిపించండి. మిట్టమధ్యాహ్నం ఆ ఇసకలో చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసినోనికి రాక్షసితో పనిలేదు.

బడిపంతులు_ఆదోని

నేను ఒకటి, రెండు తరగతులకు చెబుతాను. రోజూ చివరి గంట కథకే. నాకు కనిపించింది చెబుతానమ్మా.

రాక్షసి పట్టుకోవడం, ముని విడిపించడం అనే కథను రాజకుమారుడి మీద రాసినా అట్లే ఉంటుంది, కుందేలు మీద రాసినా అట్లే ఉంటుంది. వీళ్ళు గుడ్డబొమ్మలు అన్న సంగతి మీ కథలో అటక దిగిన వెంటనే మాయమైపోయింది. గుడ్డకు దాని భయాలు దానికుంటాయి గదా?

ఈ రోజు పిల్లల్నే అడిగినాను, ఒక గుడ్డబొమ్మ ఒంటరిగా ఊరు దాటితే ఏమైతుందిరా అని. తరగతంతా ఒకేసారి లేచింది. మేక నమిలేస్తాది. కుక్క ఎత్తుకపోతాది. ముండ్లకంపకు తగులుకుంటాది. వాన పడితే లావైపోతాది. ఎవరో ఒక అవ్వ చూసి ఉతికి, చెవులకు క్లిప్పులు పెట్టి దండెం మీద ఆరేస్తాది. ఈ చివరిదానికి ఎంతసేపు నవ్వినారో! చెవులకు క్లిప్పులు పెడితే నొస్తాదా నొయ్యదా అని రెండు పార్టీలైపోయినారు. రాక్షసి పేరు ఒక్కరూ ఎత్తలేదు.

ప్రొద్దుటూరు_సూదిదారం

సార్, మీ పిల్లోళ్ళకు నా తరఫున ఒక దండం. క్లిప్పుల పేజీ ఖాయం. పడవ కూడా పోయింది, పెన్నగట్టు అన్నకు సంతోషమా?

టైలరక్క_అనంతపురం

ఒకటి అడుగుతా చెల్లీ. మూడు బొమ్మల్లోనూ లోపల ఏం కూరినావు?

ప్రొద్దుటూరు_సూదిదారం

కలివిలో తెల్లబూరుగు దూది ఉంది, మా అత్త పుట్టింటి దిండు విప్పి తీసింది. భల్లులో అంతా గుడ్డపీలికలే, కత్తిరింపుల్లో మిగిలినవి. ఉన్నికి పైన కంబళి, లోపల ఆదోని నుంచి తెచ్చిన పత్తిదూది. అంగట్లో అమ్మే ఫైబర్ దూది యాడా వాడలేదు.

టైలరక్క_అనంతపురం

మరి కథ లోపలే పెట్టుకుని బయట ఎదుకులాడుతున్నావేంది!

బూరుగు దూది పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన సన్నగా మైనం పూసినట్టుంటుంది. దానికి నీళ్ళు అంత సులువుగా పట్టవు. ఒకప్పుడు ఓడల్లో ప్రాణరక్షక కోట్లల్లో కూరేది ఆ దూదే. అంటే మీ కలివి నీళ్ళల్లో పడితే తేలుతుంది. పత్తిదూది ఎదురు, నీళ్ళు తాగి బరువెక్కి ఉండ కట్టుకుపోతుంది. అంటే ఉన్ని మునుగుతుంది. గుడ్డపీలికలు అన్నిటికంటే బరువు, తడిస్తే ఆరడానికి రోజులు పడుతుంది, పిండకపోతే ముక్కవాసన వస్తుంది. అయితే భల్లు గాలికి కొట్టుకుపోడు. గాలి తోలితే ముందు పొయ్యేది కలివే. కంబళికేమో చలి ఆనదు, కానీ పల్లేరుకాయలు, ఉత్తరేణి ముండ్లు అన్నీ దానికే అంటుకుంటాయి.

చూడు, ముగ్గురికీ ముగ్గురి బలం, ముగ్గురి కష్టం ఊరికే వచ్చేసినాయి. ఎవరు ఎవర్ని కాపాడాలో ఆ దూదే చెబుతుంది. నువ్వు కూర్చుని కల్పించే పనిలేదు.

కందనవోలు_కుర్రోడు

అందరూ మెచ్చుకుంటున్నారు, నేనొక్కణ్ణి అడ్డం మాట్లాడతా, ఏమనుకోవద్దు. ఇప్పటి పిల్లలు ఫోన్లో నిమిషానికి నాలుగు పేలుళ్ళు చూస్తున్నారు. గొర్రెపిల్లకు పల్లేరుకాయ గుచ్చుకుంది, ఎలుగుబంటి ఆరడం లేదు అంటే సాహసమా అది? మా చెల్లెలి కొడుకు రెండో పేజీకే లేచిపోతాడు. రాక్షసి ఉండనీండి. కనీసం బేలం గుహలన్నా పెట్టండి. మూడు కిలోమీటర్ల పైన పొడుగు, లోపల పాతాళగంగ, చీకటి, పైనుంచి దిగిన సున్నపురాతి ఊడలు. అదంతా వదిలేసి ఇసకలో నడిపిస్తే ఎట్లా?

పెన్నగట్టు

బేలం ఉండేది కొలిమిగుండ్ల పక్క. గండికోట నుంచి లంకమలకు పొయ్యేవాడు బేలం మీదుగా పోతే, ప్రొద్దుటూరు నుంచి కడపకు తాడిపత్రి మీదుగా పోయినట్టే. బొమ్మలైనా దోవ తప్పొద్దు గదా తమ్ముడూ.

జేజిమాట

మనవరాలి చేత టైపు చేయిస్తున్నా, తప్పులుంటే దానివే.

కందనవోలు నాయనా, పిల్లోడు లేచిపోయేది పేలుడు లేక కాదు. తర్వాత ఏమైతుందో తెలిసిపోయినప్పుడు లేస్తాడు. రాక్షసి వచ్చిందంటే చచ్చేది రాక్షసే అని మూడేండ్ల బిడ్డకూ తెలుసు. మేక నోట్లో చెవి ఉంది, మేక నములుతా ఉంది, అని చెప్పి నువ్వు పేజీ తిప్పకుండా పట్టుకో చూద్దాం. నీ చెయ్యి గీరి తిప్పిస్తాడు.

నా చిన్నప్పుడు గుడ్డబొమ్మకు పండ్లు ఉండేవి కావు, కండ్లు మాత్రం కాటికతో పెట్టుకునేవాళ్ళం. వానలో వదిలేస్తే కాటిక మొగమంతా కారేది. ఏడుస్తా ఉందని ఓదార్చేవాళ్ళం. ఆ పేజీ పెట్టుకో బిడ్డా, బాగుంటుంది.

బడిపంతులు_ఆదోని

అవ్వ చెప్పిందే నేనూ చెప్పబోయినాను. బొమ్మల పుస్తకంలో అసలు పనిముట్టు పేజీ తిప్పడమే. కుడిచేతి పేజీ చివర ఆపద మొదలు కావాల, తిప్పితే ఎడమచేతి పేజీలో అది తీరడమో ముదరడమో జరగాల. మీ చిత్తులో రాక్షసి రావడం, పట్టుకోవడం, ముని విడిపించడం మూడూ ఎదురెదురు పేజీల్లో ఒకేసారి కనపడుతున్నాయి. భయపడే సందు ఎక్కడిది?

ఇంకోటి. బొమ్మలో కనిపించేదాన్ని మళ్ళీ మాటల్లో చెప్పొద్దు. ఫొటోలో కలివి ముండ్లకంప కింద కూర్చుని ఉంటే, కింద 'కలివి ముండ్లకంప కింద కూర్చుంది' అని రాసినారు. ఆ వాక్యం చదివే పెద్దోళ్ళకు విసుగు, వినే పిల్లలకు అనవసరం. 'అక్కడైతే ఎవరికీ కనపడననుకుంది' అని రాస్తే, కనపడుతున్న తోకను పిల్లలే చూపించి అరుస్తారు.

పొదలపిట్ట_బద్వేలు

ఆలస్యంగా చూసినాను. పిట్టల మీద కొంచెం పిచ్చి ఉన్నవాణ్ణి కాబట్టి కలివి గురించి నాలుగు మాటలు.

ఒకటి, కలివికోళ్ళ గుంపు పండగ చెయ్యడం తీసెయ్యండి. ఇది 1848లో శాస్త్రవేత్తల లెక్కకు ఎక్కిన పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనపడక, ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో మన కడప జిల్లాలోనే మళ్ళీ దొరికింది. రాత్రిపూట బ్యాటరీ లైటు వెలుతురులో చేత్తో పట్టింది ఐతన్న అనే మన ఊరి మనిషి. పిట్టను గుర్తించింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు. ఆ తర్వాతే దీనికోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. అంత అరుదైన పిట్టను గుంపుగా చూపిస్తే కథ మొత్తం తేలికైపోతుంది. అది పగలంతా పొదల్లో దాక్కుని పొద్దుగుంకినాక బయటికి వస్తుంది. పగటి పండగ దానికి సరిపడదు.

రెండు, కాళ్ళు. మీ ఫొటోలో కలివికి ముందు మూడు వేళ్ళు, వెనక ఒక వేలు కుట్టినారు. ఈ జాతికి వెనక వేలు లేదు. నేల మీద పరిగెత్తే పిట్ట, ముందు మూడే. విప్పెయ్యండి. ఎదమీద రెండు గోధుమరంగు పట్టీలుండాల, మీరు ఒకటే కుట్టినారు. కండ్లు పెద్దవిగా పెట్టినారు, అది బాగుంది.

మూడు, ముగింపు. నేనొకటి చెబుతా, నచ్చితే తీసుకోండి. ఈ పిట్టను వెతికేవాళ్ళు పొదల మధ్య నేలను చదునుచేసి, మెత్తటి మన్ను పరిచి పట్టీలు చేస్తారు. తెల్లారి పోయి ఆ మన్నుమీద అడుగులున్నాయా అని చూస్తారు. మీ ముగ్గురూ రాత్రంతా కాచుకుని ఉండి నిద్రపోతారు. తెల్లారి చూస్తే మన్నుమీద మూడువేళ్ళ అడుగులు. కలివి తన కాలు పక్కన పెట్టి చూసుకుంటుంది. అంతే. పిట్ట కనపడదు.

కందనవోలు_కుర్రోడు

ఇంత దూరం నడిపించి పిట్టను చూపించరా? పిల్లోళ్ళు తంతారు.

పొదలపిట్ట_బద్వేలు

పెద్దోళ్ళం ఏండ్ల తరబడి తిరిగి చూడలేకపోతున్నాం, మమ్మల్ని ఎవురూ తన్నలేదు. పిల్లలు ఓపిక పడతారులే అన్నా. కావాలంటే ఆ పేజీలో ఒక మూల, పొద వెనక, బాగా వెతికితే కనిపించేటట్టు ఒక కన్ను పెట్టండి. చెప్పొద్దు. కనిపెట్టినోనిదే ఆ పిట్ట.

బడిపంతులు_ఆదోని

ఆ కన్ను ఒక్కటి చాలు, పుస్తకం వందసార్లు తిప్పిస్తారు.

కందనవోలు_కుర్రోడు

సరే, కన్ను బాగుంది. అదొక్కటి ఒప్పుకుంటా.

పొదలపిట్ట_బద్వేలు

మరిచిపోయినాను, భల్లు. గుండ్రటి చెవులు, పొట్టి ముక్కు, తేనెరంగు ఒళ్ళు పెట్టినారు. అది అంగట్లో అమ్మే పరదేశపు ఎలుగు. మన కళ్యాణదుర్గం, రాయదుర్గం గుట్టల్లోనుంచి ఊర్ల పక్కకు దిగేది వేరే. నల్లటి జూలు, పొడుగు మూతి, ఎదమీద తెల్లటి నామం, కాళ్ళకు పొడుగు గోర్లు. చెదలపుట్టను తవ్వి గాలి పీల్చినట్టు పీల్చి చెదల్ని తింటుంది. అందుకోసమే దానికి పైన ముందు పండ్లు రెండు ఉండవు. మీ పుస్తకం చదివే ఆరేండ్ల పిల్లలకు కూడా సరిగ్గా అవే ఊడి ఉంటాయి!

టైలరక్క_అనంతపురం

ఆ పరదేశపు ఎలుగుబొమ్మకు టెడ్డీ అనే పేరు 1902లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కట్టేసిన ఎలుగును కాల్చననడంతో వచ్చింది. దానికంటే ముందే, 1880లో జర్మనీలో మార్గరేటె స్టైఫ్ అనే కుట్టుపని ఆమె గుండుసూదులు గుచ్చుకునే దిండుగా ఏనుగును కుట్టింది. పిల్లలు దాన్ని ఆడుకునే బొమ్మ చేసుకున్నారు. అట్లా ఆమె బొమ్మల కంపెనీ నిలబడింది. వాళ్ళ చుట్టుపక్కల ఎలుగు, వాళ్ళ ఎలుగు. మన నల్లదాన్ని కుట్టుకోవడానికి మనకేం అడ్డం? చెల్లీ, నల్లగుడ్డ కొత్తది కొనొద్దు. బాగా ఉతికిన పాత పంజాబీ చున్నీ పైన పోగులు లాగి జూలు చెయ్యి. మూతికి లేత గోధుమరంగు.

ప్రొద్దుటూరు_సూదిదారం

కలివి వెనక వేళ్ళు విప్పేసినా. పట్టీ రెండోది కుట్టినా. భల్లును మొత్తం మళ్ళీ కుడుతున్నా, మా అత్త నా మీద కోపంగా ఉంది, పాత భల్లు ఆమె చేసింది. దాన్ని పారెయ్యను, ఆమె మంచం మీదే ఉంటాడు.

ఇప్పుడు కథ ఇట్లా అనుకుంటున్నా. అటక దిగేటప్పుడు భల్లు అందరికంటే ముందు దబ్బున కింద పడతాడు, మిగతా ఇద్దరూ అతని మీద దూకుతారు. గండికోట గోడ మీద గాలి తోలుతుంది, కలివి ఎగిరిపోబోతే భల్లు తోక పట్టుకుంటాడు, ఒక కుట్టు ఊడుతుంది. లోయలో నీటిగుంట. ఉన్ని జారి పడి మునుగుతా ఉంటే కలివి తేలుతా పోయి ముక్కుతో పట్టుకుంటుంది. తర్వాత దండెం, క్లిప్పులు. ఆ ఇంటి పిల్ల పొద్దున లేచేలోగా తప్పించుకోవాల. తర్వాత ఇసక. ఆ తర్వాత మేక, ఉన్ని చెవి. సిద్ధవటం కోట దాటినాక ముండ్లకంప, భల్లు కడుపు చినుగుతుంది. గుడ్డపీలికలు ఒక్కొక్కటే రాలిపోతా ఉంటాయి, అతనికి తెలీదు, సన్నబడిపోతా ఉంటాడు. వెనక పిచ్చుకలు ఆ పీలికల్ని గూళ్ళకు ఎత్తుకుపోతా ఉంటాయి.

ఇక్కడ ఆగిపోయినా. భల్లు కడుపులో మళ్ళీ ఏం నింపాల? జిల్లేడు కాయ పగిలితే వచ్చే దూది అనుకున్నా, ఫొటోలో కూడా అందంగా మెరుస్తుంది.

జేజిమాట

జిల్లేడు వద్దు బిడ్డా. పాలు కంట్లో పడితే పిల్లోని కన్ను మంటెత్తి వాచిపోతుంది. పుస్తకంలో చూసినాక పోయి తెంపకుండా ఉంటారా? ఎండు బోదగడ్డి కుక్కు. గడ్డి కడుపోడు నడిస్తే గరగర శబ్దం వస్తుంది.

బడిపంతులు_ఆదోని

అవ్వా, దండం. ఆ పేజీ నుంచి చివరిదాకా భల్లు నడిచినప్పుడల్లా గరగర అని పెద్దక్షరాల్లో వేయండి. ఆ ఒక్క మాట చదవడం వచ్చిన పిల్లవాడు పుస్తకమంతా తానే చదివినానని చెప్పుకుంటాడు. పైగా కలివికోడిని చూడటానికి చప్పుడు చెయ్యకుండా కూర్చోవాల, భల్లు కదిలితే గరగర. ఇబ్బంది కూడా దొరికింది.

రాజంపేట_అమ్మ

ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. ఒక్క మాట. లోయలో నీటిగుంట బాగానే ఉంది, కానీ ఎవరూ దాన్ని పెంచి వరద చేయొద్దు. 2021 నవంబర్ 19న అన్నమయ్య డ్యాం తెగి చెయ్యేరు మా ఊర్ల మీదికి వచ్చింది. మా పక్క పిల్లలు కొందరు ఇప్పటికీ గట్టి వాన పడితే లేచి కూర్చుంటారు. గుంట చిన్నదిగా, అంచులు కనపడేటట్టు, పైన ఎండ పడేటట్టు ఫొటో తియ్యండి. ఉన్ని మునిగేది ఆ గుంటలోనే అయితే మా పాపకు కూడా చదివి వినిపిస్తాను.

ప్రొద్దుటూరు_సూదిదారం

మంచిమాట చెప్పినారు అక్కా. గుంటను అరచేతి మందం లోతులోనే తీస్తా. ఉన్నికి అదే సముద్రం.

అచ్చుయంత్రం_కర్నూలు

కథ పని మీరు చూసుకోండి, నేను కాగితం సంగతి చెబుతా. చాలామంది రాసినాక వచ్చి 'అన్నా, 27 పేజీలైంది' అంటారు. అట్లా కుదరదు. ప్రెస్సులో పెద్ద షీటు మడిస్తే 16 పేజీల ఫారం వస్తుంది. బొమ్మల పుస్తకం అంటే రెండు ఫారాలు, 32 పేజీలు. దాంట్లో పేరు పేజీ, ప్రచురణ వివరాల పేజీ, మొదటా చివరా జంట లేకుండా మిగిలే ఒంటి పేజీలు తీసేస్తే కథకు మిగిలేది పద్నాలుగు జంట పేజీలు. మీ సంఘటనలు ఆ పద్నాలుగులో సరిపోవాల. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకం కాబట్టి జంట పేజీ మధ్యగీత మీద కలివి మొగం రాకుండా చూసుకోండి, పిన్ను సరిగ్గా కంట్లో దిగుతుంది. అట్లాంటిది ఒక పుస్తకంలో చూసినాను.

ఫోన్‌తో తీసినా పర్లేదు, కానీ అచ్చయ్యే సైజుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాల. వాట్సాప్‌లో పంపితే పనికిరాదు, ఫైలు ఫైలుగానే పంపండి. తెరమీద కనిపించే మన ఎర్రమన్ను రంగు అచ్చులో కొంచెం చచ్చిపోతుంది, ముందు ఒక పేజీ ప్రూఫ్ తీయించి చూడండి.

అక్షరాలు 20 పాయింట్ల కంటే చిన్నవి వద్దు. తెలుగుకు వత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి. వరసకూ వరసకూ మధ్య ఎక్కువ ఎడం ఇయ్యకపోతే పై వరస వత్తు కింది వరస దీర్ఘంలో ఇరుక్కుంటుంది. ఫొటో మీద నేరుగా అక్షరాలు వెయ్యకండి. ముండ్లకంప మీద తెలుగు అక్షరం వేస్తే ఏది ముల్లో ఏది వత్తో తెలీదు.

ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తుపట్టే అంతర్జాతీయ నంబరు) కావాలంటే ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ సంస్థ నుంచి ఉచితంగానే ఇస్తారు, దానికి ఎవరికీ డబ్బులు కట్టొద్దు.

కందనవోలు_కుర్రోడు

మాటల సంగతేంది? ఇక్కడంతా సీమ మాటల్లోనే రాస్తున్నారు. పుస్తకంలో 'యాడికి పోతున్నావు' అని వేస్తే బళ్ళో ఒప్పుకుంటారా?

బడిపంతులు_ఆదోని

కథ చెప్పే గొంతు పాఠ్యపుస్తకం మాటల్లో ఉండనీండి. బొమ్మలు మాట్లాడేటప్పుడు మాత్రం ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాల. గండికోట అటక మీద పుట్టిన ఎలుగుబంటి 'ఎక్కడికి వెళ్తున్నావు' అంటే మా పిల్లలు ముందు నా మొగం చూస్తారు. బళ్ళో ఒప్పుకుంటారా అంటే, నేను ఒప్పుకుంటాను.

టైలరక్క_అనంతపురం

నిలబెట్టే సంగతి ఎవరూ అడగలేదు. కలివి కాళ్ళు పుల్లల మందం ఉన్నాయి, ఇసకలో నిలబడదు. ఫొటోలకు ఒక కలివి, పిల్లలకు ఒక కలివి వేరుగా కుట్టుకో. ఫొటోదానికి కాళ్ళల్లో సన్నతీగ పెట్టి, కింద వేలెడు పొడుగు వదిలి మట్టిలో గుచ్చు. పిల్లల చేతికిచ్చేదాంట్లో తీగ ఉండనే కూడదు. భల్లు, ఉన్ని కూర్చోవాలంటే అడుగున చింతగింజల మూట పెట్టు. గింజలు బాగా ఎండనీ, లేకుంటే పురుగు పడుతుంది. మూటకు రెండు పొరల గుడ్డ వెయ్యి, కుట్టు విడిపోయినా గింజలు బయటికి రాకూడదు. మూడేండ్ల లోపు పిల్లలకిచ్చే బొమ్మలో గింజలూ వద్దు, గుండీ కండ్లూ వద్దు. నోట్లో పెట్టి లాగితే గొంతులో పడుతుంది. కండ్లు దారంతోనే కుట్టు.

దూది కూరేటప్పుడు ముద్దగా తొయ్యొద్దు. పిడికెడు తీసి విప్పి, కొంచెం కొంచెంగా పెన్సిలు మొండివైపుతో మూలలకు నెట్టు. మెడ దగ్గర గట్టిగా కూరకపోతే నాలుగు రోజులకే తల వాలిపోతుంది, చివరి పేజీకి కలివి జబ్బుపడినట్టు కనపడుతుంది.

ప్రొద్దుటూరు_సూదిదారం

పుస్తకంతో పాటు బొమ్మల్ని కూడా అమ్మొచ్చా అక్కా? ముగ్గురు నలుగురు ఇప్పటికే అడిగినారు.

అచ్చుయంత్రం_కర్నూలు

2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేసినారు. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన చేతిపనివాళ్ళ బొమ్మలకు మినహాయింపు ఉంది. మీ అత్తగారి పేరున, మీ పేరున నమోదు చేయించుకుని అమ్మండి. ముందు అమ్మి తర్వాత చూద్దాం అనుకోవద్దు.

నిమ్మలకుంట_దోవ

చీకటి పేజీలకు ఒక సలహా. మా ధర్మవరం పక్క నిమ్మలకుంటలో తోలుబొమ్మలవాళ్ళు తెర వెనక దీపం పెట్టి ఆడిస్తారు. లంకమల రాత్రిని ఫొటో తీస్తే అంతా నల్లగా వస్తుంది, దానికంటే పాత తెల్లపంచ కట్టి, వెనక లైటు పెట్టి, ముండ్లకంప నీడ, ముగ్గురి నీడలు తియ్యండి. మేకతోలుకు రంగు వేస్తే వెలుతురు దాంట్లోనుంచి దిగుతుంది కాబట్టి వాళ్ళ బొమ్మలకు రంగుల నీడ వస్తుంది. మీ గుడ్డబొమ్మలకు నల్లనీడే వస్తుంది. రాత్రికి అదే కావాల గదా.

పొదలపిట్ట_బద్వేలు

ఇది మంచి ఉపాయం, నాకు వేరే కారణానికి కూడా నచ్చింది. అభయారణ్యంలోకి రాత్రిపూట పోనివ్వరు, పగలు పోవాలన్నా అటవీశాఖ అనుమతి కావాల. పంచె కట్టి ఇంటి వెనకాలే తీసుకోండి. పుస్తకంలో అడివి పేరు చాలు, ఏ ఊరి పక్కన, ఏ పొద దగ్గర అని వెయ్యొద్దు. ఫోన్లో పిట్ట కూత పెట్టి పిలిచే సన్నివేశం కూడా వద్దు, కొంతమంది నిజంగా ఆ పని చేస్తారు.

పెన్నగట్టు

గండికోటలో, సిద్ధవటంలో స్టాండ్ పెట్టి తీస్తే పురావస్తు శాఖ వాళ్ళు అనుమతి కాగితం అడుగుతారు. బొమ్మ ఎత్తుకు ఫోన్ దించి చేత్తోనే తియ్యండి. ఎట్లాగూ ఎలుగుబంటి కంటికి కోట ఎట్లా కనపడుతుందో ఆ ఎత్తునే తియ్యాల గదా. పైనుంచి తీస్తే పెద్దోళ్ళు చూసినట్టుంటుంది.

కందనవోలు_కుర్రోడు

ఒక విషయం చెప్పాల. అక్క పెట్టిన కొత్త కథను మా చెల్లెలి కొడుక్కి ఫోన్లో చదివి వినిపించినా. దండెం కాడ నవ్వినాడు, మేక కాడ నా చెయ్యి పట్టుకున్నాడు. రెండో పేజీకి లేవలేదు, ఒప్పుకుంటున్నా. పెద్దగా నచ్చనిది ఒకటే, ఇసక పేజీ. అక్కడ ఏం జరగడం లేదన్నాడు. నాకూ అదే అనిపించింది.

కానీ పిచ్చుకలు పీలికలు ఎత్తుకపోయే చోట వాడు ఒకటి అడిగినాడు. 'భల్లు కడుపులో గుడ్డలు ఎవరివి?' అని. నేను తెలీదన్నా. వదల్లేదు. ఎవరివో చెప్పమని ఇప్పటికీ అడుగుతున్నాడు.

ప్రొద్దుటూరు_సూదిదారం

మా మామ గళ్ళ లుంగీ, మా అత్త జాకెట్ ముక్కలు, మా పాప బడి గౌను, నా పెండ్లినాటి టవలు, ఇంకా దిండుగలీబులు. ఎర్రపూల ముక్క ఒకటుంది, అది ఎవరిదో మా అత్తకు కూడా గుర్తులేదు.

ఇసక పేజీ తీసేస్తా, దాన్ని మేక పేజీలోనే కలిపేస్తా. ఆ ఖాళీలో ఈ ముక్కలు ఎవరెవరివో చూపిస్తే? అచ్చుయంత్రం అన్నా, పద్నాలుగు జంటల్లో ఇది పడుతుందా?

అచ్చుయంత్రం_కర్నూలు

పడుతుంది గానీ కథ మధ్యలో వద్దు, నడక ఆగిపోతుంది. అట్ట లోపలి వైపులు ముందొకటి, వెనకొకటి ఖాళీగానే ఉన్నాయి గదా. ముందు లోపలి అట్ట మీద ముక్కలన్నీ పరిచి ఫొటో తియ్యండి, పేర్లు వెయ్యకండి. వెనక లోపలి అట్ట మీద అవే ముక్కలు పిచ్చుక గూట్లో. ఏ ముక్క యాడ ఉందో వాళ్ళే వెతుక్కుంటారు. లోపలి అట్టకు కూడా రంగు పడితే ఖర్చు కొంచెం పెరుగుతుంది, ప్రెస్సుకు పొయ్యేముందే ధర అడుక్కోండి.